నాలుగో మూల

మేత మిల్లులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు పెర్కిట్‌లోని మా ఇంటికి వస్తారు. చాయ్ తాగుతారు, ఫోన్లు చూసుకుంటారు, లేవబోయే ముందు అందరూ ఒకటే అడుగుతారు: "తాతా, మంచి మేతకు ఫార్ములా ఏంది?"

ఫార్ములా మిల్లు గోడకే అంటించి ఉంది, పోయి చదువుకోండి అంటాను. తవుడు ఎంత, సోయా చెక్క ఎంత, మక్క పిండి ఎంత, ఎండుచేపల పొడి ఎంత, అన్నీ ఉంటాయి అక్కడ. నలభై మూడేళ్లు వచ్చేదాకా వేలిముద్ర వేసిన నేనే ఆ కాగితం చదివాను, మీకేం కష్టం? కానీ ఆ మేత చేపకు ఒంటబట్టిందా లేదా అని తేల్చి చెప్పడం వేరే పని. ఆ పని నాకు బాగా వచ్చు. ఎందుకు బాగా వచ్చో చెప్పాలంటే, ఎంత బాగా చెడగొట్టానో ముందు చెప్పాలి.

పదిహేడేళ్లు ఆర్మూర్‌లో ఒక అడ్తి దుకాణంలో పసుపు సంచులు మోశాను. రైతు తెచ్చిన పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం అది. పెద్ద సేటు పోయాక ఆయన కొడుకు ఊరి బయట చేపల మేత మిల్లు పెట్టి నన్ను పిలిచాడు. "సంచి సంచే కదనే, మోస్తవా?" అన్నాడు. మోస్తానన్నాను. నాలుగు నెలల్లో మోసేవాడి నుంచి కలిపేవాడినయ్యాను. తవుడు మక్కిపోయిందా, చెక్కకు బూజు పట్టిందా అన్నది ముక్కుతోనే చెప్పేవాణ్ని. ముక్కుకు చదువు అక్కర్లేదు.

మిల్లులో సంచుల మూతులు కుట్టే ఆమె ఒకతె ఉండేది. పదో తరగతి దాకా చదివింది. నాకంటే పదేళ్లు చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఖాళీ సంచి మీద సుద్దముక్కతో రాసి దిద్దమనేది. ఈ వయసులో నాకెందుకమ్మా అంటే వినేది కాదు.

"సంచిల ఏమున్నదో తెల్వకుంట మోసుడు గాడిద గూడ చేస్తది. దిద్దు."

దిద్దాను. మా అమ్మ పేరు కన్నా ముందు 'తవుడు' అని రాయడం నేర్చుకున్నాను. ఏడాదిన్నరకు సంచి మీద ఉన్నదంతా చదవగలిగాను. అంకెలు మాత్రం మొదటి నుంచీ వచ్చు. పసుపు మండీలో పనిచేసినవాడికి తూకం రాకపోతే ఎట్లా?

తర్వాత కొన్నేళ్లకు ఫార్ములా చూసుకోవడానికి ఒక మేడం వచ్చింది. చేపల చదువు చదువుకున్న మనిషి, మా బిడ్డ కన్నా చిన్నది. నన్ను 'కాకా' అనేది. ఎండుచేపల పొడి తగ్గించి ఆ జాగాలో సోయా చెక్క పెంచితే చేప అంతే పెరుగుతుందని ఆమె నమ్మకం. నమ్మకం చాలదు, కుంటలో వేసి చూడాలి అన్నది కూడా ఆమే. ఆ చూసే పని నాకు ఇచ్చారు. కొత్త రిజిస్టర్ ఇచ్చారు. దాని అట్ట మీద నా పేరు నేనే రాసుకున్నాను.

పని ఇదీ. కుంటలో చేపలన్నిటినీ తూచలేం కదా. పదిహేను రోజులకోసారి కొన్నిటిని పట్టి తూచి, సగటు తీసి, ఎన్ని చేపలు వదిలామో దానితో లెక్క కడతాం. ఎంత మేత పోస్తే ఎంత చేప పెరిగిందో తేలుతుంది. మేత మంచిదా చెడ్డదా అన్నదంతా ఆ 'కొన్ని' చేపల మీదే నిలబడి ఉంటుంది. ఆ కొన్నిటిని పట్టేవాణ్ని నేను.

మొదటి రోజే మేడం చెప్పింది: "కాకా, నాలుగు మూలలకు పోవాలె. నలుగురిని పెట్టి లాగుడు వల లాగితే ఇంకా మంచిది. ఒక్క దిక్కునే పట్టొద్దు."

"గట్లనే మేడం," అన్నాను. తల ఊపడంలో ఆర్మూర్‌లో నన్ను మించినవాడు లేడు.

మేం పరీక్షకు తీసుకున్న కుంట ఒక ఆడమనిషిది. మొగుడు ట్రాక్టర్ నడుపుతాడు, పొలం పెత్తనమంతా ఆమెదే. పల్లపు మడిలో నీళ్లు నిలిచి ఏటా పసుపు దుంప కుళ్లిపోతుంటే విసిగి దాన్ని కుంటగా తవ్వించింది. రవ్వ చేపలు వదిలింది. పొద్దున్నే గట్టు మీద నిలబడి డబ్బా మీద కర్రతో నాలుగు దెబ్బలు కొట్టేది. ఆ చప్పుడుకు చేపలు నీళ్లు చీల్చుకుంటూ వచ్చేవి. మా గుళికల మేత నీటి మీద తేలుతుంది. పోసిన మేత అక్కడే, అప్పుడే మాయమయ్యేది.

ఆ చోటే నేను విసురు వల వేసేవాణ్ని. డబ్బా కొట్టు చెల్లె అనేవాణ్ని, ఆమె కొట్టేది, నేను వల విసిరేవాణ్ని. ఒక్క విసురుకు ఇరవై చేపలు. తూచడం, రాయడం, నీళ్లలో వదలడం, బాయి దగ్గర చాయ్ తాగడం. గంటలో పని ఖతం. లాగుడు వల లాగాలంటే నలుగురు మనుషులు కావాలి, సగం పూట కావాలి, ఆ రోజు చేపలు బెదిరి మేత ముట్టవు. అవతలి మూలకు పోవాలంటే తుమ్మ కంప దాటాలి. ఇన్ని కారణాలు చెప్తున్నానంటేనే మీకు అర్థమై ఉండాలి.

అంకెలు ఎంత ముద్దుగా వచ్చాయంటే, మేడం కూడా రెండుసార్లు అడిగింది, "కాకా, తూకం బరాబరేనా?" అని. నా చేతులతో తూచిన అన్నాను. అబద్ధం కాదు. రిజిస్టర్‌ను సేటు చంకలో పెట్టుకుని ఆర్మూర్ అంతా తిరిగాడు. చుట్టుపక్కల చేపల రైతులను పిలిచి అదే కుంట గట్టున సదస్సు పెడదామన్నాడు.

ఒకరోజు చాయ్ చేతికిస్తూ ఆ చెల్లె అడిగింది.

"అన్నా, నిజంగనే గింత పెరిగినయా?"

"నీ కండ్ల ముంగటనే తూస్తున్న గదనే."

"ఊకెనే అడుగుతలేను. పైన ఎత్తు మడి ఉన్నది గద, దాన్ని గూడ కుంట చేద్దామనుకుంటున్న. జేసీబోనికి చెప్పిన. ఇత్తనం పసుపు కుప్ప పక్కింటోళ్లకు ఇస్తనన్న. మా ఇంటాయన గునుస్తుండు, మంచి పసుపు మడి పాడుజేస్తున్నవని. నీ పుస్తకం సూపిచ్చి నోరు మూపిచ్చిన."

పసుపు గురించి తెలియనివాళ్లకు చెప్తున్నాను. ఎత్తు మడి అంటే నీళ్లు నిలవని మడి. దుంప కుళ్లని మడి. ఆ ఇంటికి ఏటా తిండి పెట్టేది అదే. జేసీబీ ఒక్కసారి బొక్కెన దించిందంటే పైమట్టి అడుగుకు పోతుంది, ఆ మడి మళ్లీ మడి కాదు. అదంతా నా పుస్తకంలోని నాలుగు అంకెల మీద పెట్టింది ఆమె. నాకు భయం వేయాల్సింది. గర్వం కలిగింది. నా రాతను నమ్మి ఒకరు మడి తవ్విస్తున్నారు చూశావా అనుకున్నాను.

సదస్సు మూడు రోజులుందనగా టెంట్ ఎక్కడ వేయాలో చూడటానికి వాళ్ల పొలం దగ్గరికి పోయాను. కళ్లంలో ఉడికించి ఎండబెట్టిన పసుపు కుప్ప పోసి ఉంది. అడ్తి మనిషి ఒకడు కొనడానికి వచ్చాడు. కుప్ప పైనంతా పొడుగాటి కొమ్ములు, ఎండకు మెరుస్తున్నాయి. ఆయన వాటి వంక చూడనే లేదు. చెప్పులు విడిచాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, మోచేయి దాకా చేయి కుప్ప అడుగుకు దూర్చి గుప్పెడు బయటికి తీశాడు. చేతిలో అంతా విరిగిన చూర.

"ఏందక్కా, పైన పెండ్లిపిల్లను ముస్తాబు చేసినట్టు చేసినవ్. అడుగున గిదేంది?"

ఆమె నవ్వింది. "నువ్వు అడుగు సూస్తవని నాకెరుక, నేను పైన మంచివి పోస్తనని నీకెరుక. ముచ్చట్లు బంద్ జేసి రేటు చెప్పు."

నేనూ నవ్వాను. నవ్వుతూనే కుప్ప మీంచి కుంట వైపు చూశాను.

పదిహేడేళ్లు ఆ పని నేనూ చూశాను. పెద్ద సేటు అడుగు చూడకుండా ఒక్క సంచి దింపనిచ్చేవాడు కాదు. ఎవరైనా పైన ఉన్నది చూసి మెచ్చుకుంటే నేనే ఎగతాళి చేసేవాణ్ని. అట్లాంటివాణ్ని ఏడు నెలలుగా చేస్తున్నదేమిటి? డబ్బా చప్పుడుకు ముందుగా ఉరికొచ్చేవి ఏవి? బలిసినవి. మిగతావాటిని నెట్టేసి వచ్చేవి. వాటినే పట్టి, వాటినే తూచి, కుంటంతా అట్లాగే ఉందని రాశాను.

విసురు వల బండికే కట్టి ఉంది. తుమ్మ కంప దాటి అవతలి మూలకు పోయాను. కాలు గీసుకుపోయింది. డబ్బా కొట్టలేదు, మేత పోయలేదు. వల విసిరితే ఐదు చేపలు పడ్డాయి. నాలుగు నా అరచేతి కన్నా కాస్త పెద్దవి. మరో మూలకు పోయాను. అక్కడా అంతే. గట్టు మీద కూర్చుండిపోయాను. ఒక చేప నా చెప్పు మీద పడి ఎగురుతుంటే దాన్ని నీళ్లలోకి తోయాలని కూడా కాసేపు తోచలేదు.

మేడంకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"కాకా, మొదటి రోజు నేనేం చెప్పిన?"

"నాలుగు మూలలన్నవ్ బిడ్డా."

"మరి?"

"మరేం లేదు. బద్ధకం. జర పొగరు గూడ."

"నేనన్న వచ్చి చూసేదుండె," అందామె. ఆ మాట ఆమె అనాల్సిన పని లేదు. అందుకే ఇన్నేళ్లయినా ఆమె అంటే నాకు గౌరవం.

సేటు దగ్గర అంత సులువుగా కాలేదు. ఇద్దరం పోయి చెప్పాం. సదస్సు నాడు మొత్తం కుంటకు లాగుడు వల లాగి నిజం ఏమిటో చూడాలన్నాం. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"టెంట్ చెప్పినం, వంట చెప్పినం, నాలుగు మండలాల రైతులను పిలిచినం. గిప్పుడు గీ కత చెప్తవా? విసురు వల వెయ్యి. డబ్బా కొట్టు. పెద్దయి పడ్తయి, ఫోటో దిగుదాం. మిగిలింది తర్వాత చూసుకుందాం."

"తర్వాత చూసుకునుడు కాదు సేటూ. ఆమె ఎత్తు మడి తవ్విస్తున్నది."

"ఆమె మడి, ఆమె ఇష్టం. నిన్నడిగి తవ్వుతున్నదా?"

"నన్నడిగే తవ్వుతున్నది. మీ నాయిన దగ్గర పదిహేడేండ్లు సంచులు మోసిన. అడుగు చూడకుంట ఒక్క సంచి కొన్నడా మీ నాయిన? గా పెద్దమనిషి కొడుకువు, మనమే పైన మంచియి పోసి అమ్ముదామా?"

సేటు మొహం ఎర్రబడింది. కుర్చీలో కూలబడి అన్నాడు, "లాగు. కుంటల ఏం లేకపోతే నీ కొలువు గూడ ఉండదు, యాది పెట్టుకో."

"యాదున్నది," అన్నాను.

సదస్సు పొద్దున గోదావరి దిక్కు నుంచి, నవీపేట్ దగ్గరి నుంచి వల లాగే నలుగురిని పిలిపించాను. నేను పోయేసరికి ఎత్తు మడి గట్టున పచ్చటి జేసీబీ వచ్చి నిలబడి ఉంది. ముహూర్తం పదకొండింటికట. బొక్కెనకు పసుపు కుంకుమలు కూడా పెట్టారు. ఆ చెల్లె కొత్త చీర కట్టుకుని డ్రైవర్‌కు చాయ్ పోస్తోంది. నేరుగా పోయాను.

"చెల్లె, బండిని ఆపు. నా లెక్క తప్పు."

"తప్పంటే? ఎంత తప్పు?"

"నాక్కూడ తెల్వది. వల లాగితే తెలుస్తది. అప్పటిదాంక మట్టి ముట్టనియ్యకు."

ఆమె నా మొహం చూసింది. చాయ్ కేటిల్ కింద పెట్టి డ్రైవర్‌కు ఆగమని చెయ్యి ఊపింది.

నలుగురూ వల పట్టుకుని నీళ్లలో దిగారు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కుంటంతా ఊడ్చినట్టు లాగారు. ఒడ్డుకు వస్తుంటే ముందు పెద్దవి ఎగిరాయి. రైతులు చప్పట్లు కొట్టారు, సేటు ఫోన్ ఎత్తాడు. వల ఇంకా దగ్గరికి వచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి. అడుగున కుప్పలుగా చిన్నవి. ఏరకుండా, తట్టలోకి ఎట్లా వచ్చినవి అట్లాగే తూచాం. మేడం కాంటా చూసి చెప్తుంటే నేను రాశాను. సగటు తీస్తే నా రిజిస్టర్‌లో ఉన్నదాంట్లో సగం కూడా లేదు.

"చదువు కాకా," అంది మేడం మెల్లగా. "నువ్వే చదువు."

అంతమంది ముందు పుస్తకం చూసి చదవడం నా జన్మలో అదే మొదలు. ముందు పాత అంకె చదివాను. తర్వాత కొత్త అంకె చదివాను. "పాతది మేత కాడ పట్టిన బలిసిన చేపలది. తప్పు నాది. మేత సంగతి ఇంకా తేల్చలేదు," అన్నాను. వెనక నుంచి ఎవరో, "మరి మమ్ముల ఎందుకు పిలిచిండ్రు, అన్నం తినిపోనికేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనిది ఇద్దరే. సేటు, ఆ చెల్లె.

ఆమె జేసీబీ దగ్గరికి నడిచింది. "బండి తిప్పుకో తమ్మీ," అంది. అతను ఇంజన్ స్టార్ట్ చేస్తుంటే, ఎందుకో నాకే తెలియదు, అతని నంబరు అడిగి రిజిస్టర్ చివరి పేజీలో రాసుకున్నాను. తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చింది.

"ఏడు నెలలు నా బాయికాడ చాయ్ తాగినవన్నా. గా అవుతలి మూలకు ఒక్కనాడన్న పోయినవా?"

రిజిస్టర్ మూసి చంకలో పెట్టుకున్నాను.

మేడం మాత్రం గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక పెద్ద చేపను, ఒక చిన్న చేపను కడుపు కోసి చూస్తోంది. పెద్దదాని కడుపు నిండా మా మేత. చిన్నదాని కడుపులో బురద, పాచి. మేత మంచిదే కావచ్చు, కాకపోవచ్చు. ముప్పావు వంతు చేపలకు అది అందనే లేదు. ఒక్కచోటే పోశాం. పైగా మా గుళిక లావు. చిన్న నోరు దాన్ని పట్టలేదు. డబ్బా చప్పుడుకు వచ్చిన బలిసినవాటిని చూసి నేను మురిసిపోయానే, అవి మిగతావాటి కూడు తిని బలిశాయి. ఆ కుంట ఏడు నెలలుగా నాకు చెప్తున్న సంగతి అది. అవతలి మూలకు పోయి ఉంటే రెండో నెలలోనే వినబడేది.

నా కొలువు ఊడలేదు. పరీక్షల పని మాత్రం పోయింది. రెండు నెలలు మళ్లీ మేత కలిపాను. పాత పేజీలు చించేద్దామనుకుంటే మేడం చింపనియ్యలేదు. "చింపకు కాకా. ఏం జరిగిందో కిందనే రాయి," అంది. అప్పటిదాకా నేను రాసినవన్నీ అంకెలు, పేర్లు, సంచుల మీది మాటలు. నా అంతట నేను ఒక వాక్యం రాసింది లేదు. మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను: 'ఈ చేపలు నేను మేత పోసిన చోటనే పట్టినాను. మిగిలిన మూలలకు పోలేదు. ఈ లెక్క నమ్మకండి.' కింద సంతకం పెట్టాను. సంచులు కుట్టే ఆమె వచ్చి చదివింది.

"అక్షరాలు మాత్రం గుండ్రంగ మంచిగొచ్చినయ్," అంది. నేర్పిన మనిషి కదా, అంతకన్నా ఏమంటుంది.

ఆ ఏడు మిరుగానికి, తొలకరి పడగానే, ఆ చెల్లె ఎత్తు మడిలో పసుపే పెట్టింది. మంచి పంట వచ్చింది. పల్లపు కుంటలో మళ్లీ చేపలు వదిలింది. మా మేత వాడతావా అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు, మేడం పోయి అడిగింది. ఆమె ఒకే షరతు పెట్టిందట: "గా అన్ననే రావాలె. గనీ నాలుగో మూల నుంచి మొదలువెట్టాలె."

సేటు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మేడం గుళికలను రెండు సైజుల్లో చేయించింది, లావువి, సన్నవి. ఆ చెల్లె డబ్బా కొట్టడం మానేసి గట్టు చుట్టూ తిరుగుతూ ఎనిమిది చోట్ల మేత పోసింది. తుమ్మ కంప నేనే కొట్టేసి దారి చేశాను. నెలకోసారి లాగుడు వల. ఆ ఏడు అంకెలు మునుపటంత ముద్దుగా లేవు. మెల్లగా, ఒక్కో మెట్టు ఎక్కినట్టు పెరిగాయి. బాయి దగ్గర చాయ్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. సీసాలో ఇంటి నుంచే నీళ్లు పట్టుకుపోయేవాణ్ని.

చేపలు పట్టే రోజు వచ్చింది. టెంట్ లేదు, వంట లేదు. అదే నలుగురు వల లాగారు. వల ఒడ్డుకు వస్తుంటే పెద్దవి ఎగిరాయి. ఆమె వాటి వంక చూడలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపి మోకాలి లోతు నీళ్లలో దిగి, వల తోక దాకా పోయింది. మోచేయి మునిగేలా చేయి అడుగుకు దూర్చి వెతికింది. ఒకటి తీసి చూసింది, వదిలేసింది. ఇంకోటి తీసింది, వదిలేసింది. చివరికి ఒకదాన్ని పట్టుకుని వచ్చి నా చేతిలో పెట్టింది. కుంటలోకెల్లా చిన్నది.

"దీన్ని తూసి చెప్పన్నా."

తూచాను. కిందటేడు కుంట మొత్తం సగటు కన్నా ఎక్కువే ఉంది ఆ ఒక్క చిన్నది. పైకి చదివాను. ఆమె కాంటా మీదికి వంగి తానే ఇంకోసారి చూసుకుంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. కాసేపు కుంట కింద, ఎత్తు మడికి ఇవతల ఉన్న నీళ్లు నిలిచి దుంప కుళ్లే ఇంకో పల్లపు మడి వంక చూసింది.

"గా జేసీబోని నంబరు రాసుకున్నవు గద," అంది. "ఉన్నదా?"

రిజిస్టర్ చివరి పేజీ తీసి చదివి చెప్పాను.